ముందు మంచినీళ్లు పెట్టారా?

*వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. ఉప్పల్, నాచారం కాలనీల్లో ఎవరిని కదిలించినా జపాన్, యూరప్ ముచ్చట్లే. వీసా, విమానం టికెట్ల సంగతి ఎలాగో తేలిపోతుంది. తేలనిది తిండి సంగతి. అక్కడ హోటల్లో కూర్చుంటే ఏం పెడతారు, ఎలా పెడతారు, మనల్ని ఎలా చూస్తారు? అమ్మానాన్నలను వెంటబెట్టుకుని రెండు వైపులా తిరిగొచ్చిన ఓ నాచారం బిడ్డ కథనం.*

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర. నాచారం మెయిన్ రోడ్డు మీద మేం ఎప్పుడూ వెళ్లే మెస్. లోపల ప్రతి కుర్చీ వెనకా ఓ మనిషి నిలబడి ఉన్నాడు. తినేవాళ్లు పెరుగన్నం దాకా వచ్చారా లేదా అని చూస్తూ, వాళ్లు లేవగానే చేతిరుమాలు వేసేయడానికి సిద్ధంగా ఉన్నాడు. మాకు దొరికిన బల్లను తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచి, సప్లయర్ కుర్రాడు అడిగాడు.

"బాటిలా, నార్మలా?"

నాన్న తలెత్తి చూశాడు. "నీళ్లు పెట్టు బిడ్డా."

"అదే అంకుల్. బాటిలా, నార్మలా?"

నార్మల్ అంటే జగ్గులో నీళ్లు. బాటిల్ అంటే బిల్లులో ఇంకో ఇరవై రూపాయలు. కుర్రాడి తప్పేమీ లేదు, అలా అడగమని వాడికి కౌంటర్ దగ్గర నేర్పారు. నాన్న వేలితో జగ్గు చూపించాడు. కుర్రాడు వెళ్లాక నా వైపు తిరిగి, "జపానోళ్లు అడుగకుండనే పెట్టిన్రు గద" అన్నాడు.

భువనగిరి వైపు పల్లె నుంచి వచ్చి, నాచారం పారిశ్రామికవాడలో ముప్పై ఏళ్లకు పైగా షిఫ్టులు చేసిన మనిషి ఆయన. అన్నేళ్లూ టిఫిన్ క్యారియర్ అన్నమే తిన్నాడు. మా చిన్నప్పుడు హోటల్ తిండి అంటే ఇంట్లో ఎవరో ఆస్పత్రిలో ఉన్నారని అర్థం. అలాంటి మనిషి రిటైరయ్యాక ఒక వేసవిలో యూరప్, ఇంకో వసంతంలో జపాన్ తిరిగాడు. మ్యూజియాలు, కోటలు ఆయనకు ఇప్పుడు సరిగా గుర్తులేవు. ఏ ఊళ్లో ఏ బల్ల దగ్గర ఎవరు ముందు నీళ్లు పెట్టారో మాత్రం తేదీతో సహా చెబుతాడు. మొదట్లో అది ముసలాయన చాదస్తం అనుకున్నాను. పదిహేనేళ్లుగా తిరుగుతున్న నాకు, బయట తిండిని కొలవడానికి అంతకన్నా మంచి కొలత ఇంతవరకూ దొరకలేదు.

ల్యాబుల నుంచి లగేజీ దాకా

మా వైపు విదేశీ తిండి కబుర్లు కొత్తవి కావు. హబ్సిగూడ, తార్నాక దారిలో ఎన్‌జీఆర్‌ఐ, ఐఐసీటీ, సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ వంటి పరిశోధన సంస్థలు వరుసగా ఉన్నాయి. ఒకప్పుడు ఈ తూర్పు హైదరాబాద్‌లో విమానం ఎక్కేది ఆ శాస్త్రవేత్తలే. సదస్సులకు వెళ్లి వచ్చి, రొట్టె, ఉడికించిన బంగాళాదుంపలతో వారం గడిపిన కథలు కాలనీకి చెప్పేవారు. తర్వాత సాఫ్ట్‌వేర్ పిల్లలు వెళ్లారు. ఇప్పుడు ఆ పిల్లలు పంపిన టికెట్లతో తల్లిదండ్రులు వెళుతున్నారు. ఫ్యాక్టరీల్లో, బ్యాంకుల్లో, బడుల్లో పనిచేసి రిటైరైనవాళ్లు.

జపాన్ మీద మోజు మరీ ఈ రెండు మూడేళ్లది. అక్కడి కేంద్ర బ్యాంకు ఏళ్ల తరబడి వడ్డీని సున్నా దగ్గరే పట్టి ఉంచడంతో యెన్ విలువ జారిపోయింది. 2024 జులై నాటికి డాలరుకు 160 యెన్లు దాటి, 1986 తర్వాత ఎన్నడూ లేనంత చవకైంది. అప్పుడు మన లెక్కలో యెన్ అరవై పైసల లోపే. ఆ ఒక్క ఏడాదే 3 కోట్ల 68 లక్షల మందికి పైగా విదేశీయులు జపాన్ వెళ్లారు. అందులో మనవాళ్లు 2 లక్షల 30 వేలు దాటారు. చెర్రీ పూల ఫొటోలు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి వచ్చేశాయి. వాటి కింద ప్రతిసారీ అదే ప్రశ్న: "అక్కడ మన ఫుడ్ దొరుకుద్దా?"

ఆ ప్రశ్నకూ పాత చరిత్రే ఉంది. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య పెద్ద పరివారాన్ని వెంటబెట్టుకుని, మజిలీ మజిలీకి ఏ సరుకులు దొరుకుతాయో రాసుకుంటూ ప్రయాణించారు. ఇప్పటి గ్రూపు టూర్లు దాదాపు అదే పద్ధతి. బస్సు సాయంత్రం ఆరింటికి ఒక ఇండియన్ రెస్టారెంట్ ముందు ఆగుతుంది. జీరా రైస్, పప్పు, పనీర్. రేపు ఇంకో దేశంలో మళ్లీ జీరా రైస్, పప్పు, పనీర్. ఎనిమిది రోజులు ఆరు దేశాలు తిరిగి ఒకే భోజనం తిని వచ్చినవాళ్లు మా కాలనీలో ఉన్నారు. ఆరోగ్యం, ఆచారం ఉన్నవాళ్లను ఏమీ అనను. తినగలిగి కూడా భయంతో తినకపోవడం మాత్రం నాకు బాధగా ఉంటుంది. పారిస్ వెళ్లి పారిస్ మనిషి పక్కన కూర్చుని ఒక్కపూటైనా తినకపోతే, ఆ ఊరిని బస్సు అద్దంలోంచి చూసినట్టే.

"నీళ్లకు గూడ పైసలా?"

మా యూరప్ ప్రయాణం మ్యూనిక్‌లో మొదలైంది. మొదటి పూటే పరాభవం. నాన్న నీళ్లు అడిగితే సీసా వచ్చింది, మూత తీయగానే బుస్సుమంది. "నేను సోడా అడగలే" అన్నాడు. జర్మనీలో ప్రత్యేకంగా చెప్పకపోతే నీళ్లంటే గ్యాసు నీళ్లే. కుళాయి నీళ్లు అడిగితే ముఖం అదోలా పెట్టేవాళ్లున్నారు. బిల్లులో ఆ సీసా ఆరు యూరోలు. నాన్న మనసులో రూపాయల్లోకి మార్చుకున్నాడు. బయటికొచ్చి ఇసార్ నది వంతెన మీద ఆగి, కింద పారే నీళ్లను చూస్తూ, "ఇంత నీళ్లున్న దేశంల నీళ్లకు గూడ పైసలా?" అన్నాడు. ఆ పూట మిగతా తిండి ఎంత బాగున్నా ఆయన మెచ్చుకోలేదు.

పారిస్‌లో సీన్ మారింది. "ఉన్ కరాఫ్ దో" అని నేను అనగానే గాజు కూజా నిండా చల్లటి కుళాయి నీళ్లు, పక్కన బుట్టలో రొట్టె వచ్చాయి. రెండూ ఉచితం. అది వాళ్ల దయ కాదు. భోజనంతో పాటు రొట్టె, నీళ్లు ధరలోనే కలిసి ఉండాలని 1967 నాటి ఉత్తర్వు చెబుతోంది. 2022 జనవరి నుంచి, ఉచితంగా మంచినీళ్లు అడగవచ్చని హోటళ్లు కనిపించేలా రాసిపెట్టాలి కూడా. ఇది విన్నాక నాన్న గ్లాసు ఎత్తి ఫ్రాన్స్ ప్రభుత్వానికి దండం పెట్టినంత పని చేశాడు.

రోమ్‌లో మళ్లీ గొడవ. ఒక పెద్ద కట్టడానికి ఎదురుగా, రంగురంగుల ఫొటోల మెనూ పెట్టుకున్న హోటల్. మేం అడగని రొట్టె వచ్చింది, దానికి డబ్బు. పైగా తలకు రెండున్నర యూరోల 'కోపెర్తో'. "కూసున్నందుకు పైసలా?" అంది అమ్మ. నిజానికి కోపెర్తో ఇటలీలో మామూలే. గుడ్డ, కత్తి, చెంచా, బల్ల కలిపి తీసుకునే రుసుము. మెనూలో రాసి ఉండాలి, ఉంది కూడా, మేమే చూడలేదు. అయినా నాకది నచ్చదు. బల్ల లేకుండా భోజనం ఎలా పెడతారు? ఉన్న ధరలోనే కలిపి చెబితే ఎవరికీ అవమానం ఉండదు. రోమ్ ఉన్న లాజియో ప్రాంతం 2006లో ఈ రుసుమును నిషేధిస్తూ చట్టమే చేసింది. పేరు మారింది కానీ వసూలు పూర్తిగా పోలేదు.

అదే ఇటలీలో నేపుల్స్ అమ్మ కోపం తీర్చింది. 1870 నుంచి ఉన్న 'దా మికేలే' పిజ్జా కొట్టులో చాలాకాలం రెండే రకాలు: మార్గెరీటా, మరినారా. రెండో దాంట్లో చీజ్ ఉండదు. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో ఆకు, నూనె, అంతే. నాన్న చేత్తో మడిచి తిని, "గిది మన టమాట తొక్కు రొట్టెనే" అని తేల్చాడు. నేపుల్స్ పిజ్జా చేసేవాళ్ల చేతిపనిని యునెస్కో 2017లో వారసత్వంగా గుర్తించిందని చెబితే ఆశ్చర్యపోలేదు. పిండిని గాల్లో తిప్పే ఆ చేతుల్ని అప్పటికే పావుగంట నిలబడి చూశాడు.

ఆ ఊళ్లోనే ఆయనకు ఇంకో సంగతి తెలిసింది. కాఫీ బార్లో ఒక మనిషి ఒక కాఫీ తాగి రెండింటికి డబ్బు కట్టి వెళ్లాడు. రెండోది తర్వాత వచ్చే ఎవరో డబ్బులేని మనిషికి. దాన్ని 'కఫే సొస్పేసొ' అంటారు. ఎవరు తాగుతారో కట్టినవాడికి తెలీదు, ఎవరు కట్టారో తాగినవాడికి తెలీదు. "మన చలివేంద్రం లెక్క" అన్నాడు నాన్న. తర్వాత జేబులోంచి నాణేలు తీసి, తనూ ఒక కాఫీకి కట్టాడు.

> ఏ దేశంలో నీళ్లు ఎలా?
>
> ఫ్రాన్స్: భోజనంతో కుళాయి నీళ్లు ఉచితం. సీసా కాకుండా 'కరాఫ్' అని అడగాలి.
>
> స్పెయిన్: 2022 నాటి వ్యర్థాల చట్టం ప్రకారం హోటళ్లు ఉచితంగా కుళాయి నీళ్లు ఇవ్వాలి.
>
> ఇంగ్లండ్: మద్యం అమ్మే లైసెన్సు ఉన్న చోట, అడిగితే కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాల్సిందే.
>
> జర్మనీ, ఇటలీ: ఎక్కువ చోట్ల సీసా నీళ్లే. గ్యాసు వద్దని ముందే చెప్పాలి.
>
> జపాన్: కూర్చోగానే నీళ్లు లేదా టీ. చాలా చోట్ల చేతులు తుడుచుకోవడానికి తడి తువాలు 'ఒషిబొరి' కూడా. ఇజకాయా అనే మందు, చిరుతిళ్ల హోటళ్లలో మాత్రం 'ఒతోషి' పేరుతో చిన్న గిన్నెడు వంటకం పెట్టి మనిషికి 300 నుంచి 500 యెన్లు వేస్తారు.
>
> భారత్: బాటిల్ నీళ్లను హోటళ్లు ఎంఆర్‌పీ కన్నా ఎక్కువకు అమ్ముకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

బిల్లు తేని మర్యాద

పారిస్‌లో రెండో రాత్రి ఒక చిన్న బిస్ట్రోలో తిన్నాం. తినడం అయిపోయింది. పావుగంట గడిచింది. ఎవరూ రాలేదు. నాన్నకు అసహనం మొదలైంది. "మనల్ని మర్చిపోయిన్రు. రంగు చూసి పట్టించుకుంటలేరా?" ఆ మాట వినగానే నాకు గుండె కలుక్కుమంది. చుట్టూ చూడమన్నాను. ఏ బల్ల మీదా బిల్లు లేదు. అక్కడ అడగకుండా బిల్లు తెచ్చి పెట్టడమంటే "ఇక లేవండి" అన్నట్టు. రాత్రి ఒకసారి కూర్చున్నాక ఆ బల్ల మనదే.

నాచారంలో కుర్చీ వెనక మనిషిని పెట్టుకుని తిన్న ప్రాణం అది. దానికి ఆ తీరిక అర్థం కావడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. నాలుగో రాత్రి ఆయనే, "ఏమైంది తొందర, కూసో" అన్నాడు. అమ్మానాన్నలు ఒక హోటల్లో ఎదురెదురుగా కూర్చుని, వడ్డించే పని, గిన్నెలు కడిగే పని లేకుండా గంటసేపు మాట్లాడుకోవడం నేను అప్పుడే చూశాను. పెళ్లయిన నలభై రెండేళ్లకు. ఫ్రెంచివాళ్ల భోజన పద్ధతిని యునెస్కో 2010లో వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో వంటకాలు ఎంతో, కలిసి కూర్చోవడం అంత.

తీరిక డబ్బున్నవాళ్లకే అనుకోవద్దు. పారిస్‌లో శ్రామికుల హోటళ్లకు పెద్ద చరిత్ర ఉంది. 1850లలో దువాల్ అనే మాంసం వ్యాపారి, మార్కెట్ కూలీల కోసం చవకగా వేడి సూపు, మాంసం పెట్టే 'బుయ్యోఁ'లు మొదలుపెట్టాడు. 1896లో తెరిచిన బుయ్యోఁ షార్తియే ఇప్పటికీ నడుస్తోంది. పరిచయం లేనివాళ్లను ఒకే బల్ల దగ్గర కూర్చోబెడతారు. సర్వర్ బల్ల మీది కాగితం మీదే లెక్క రాసేస్తాడు. రోజూ వచ్చేవాళ్లు తమ చేతిగుడ్డ దాచుకోవడానికి నంబర్లున్న చెక్క సొరుగులు ఇప్పటికీ గోడకున్నాయి. నాన్న వాటిని తడిమి చూశాడు. ఆయన ఫ్యాక్టరీ క్యాంటీన్‌లోనూ క్యారియర్ల అర మీద నంబర్లే ఉండేవట.

నిలబడి తినే నూడుల్స్

టోక్యోలో మా మొదటి భోజనం రైల్వే స్టేషన్‌లో. 'తాచిగుయి సోబా' అంటే నిలబడి తినే నూడుల్స్. గుమ్మం దగ్గర టికెట్ మిషన్, లోపల ఒక కౌంటర్, వెనక ఇద్దరు మనుషులు. టికెట్ ఇచ్చిన రెండు నిమిషాలకు పొగలు కక్కే గిన్నె. ఐదు వందల యెన్లు, అంటే మూడు వందల రూపాయల లోపు. టోకెన్ తీసుకుని స్టీలు బల్ల దగ్గర నిలబడి ఇడ్లీ తినే ఉప్పల్ మనిషికి ఇందులో కొత్తేముంది? ఒక్కటుంది. చవకదైనా, నిలబడి తినేదైనా, గిన్నె కన్నా ముందు నీళ్లు వచ్చాయి.

పారిస్‌లో సూపు జుర్రుతుంటే "నాన్నా, చప్పుడు చేయకు" అన్నది నేనే. టోక్యోలో పక్కనున్న సూటుబూటు ఉద్యోగులంతా సుర్రుసుర్రుమంటూ లాగుతున్నారు. సోబా అలాగే తినాలి. "ఇక్కడ ఫర్వాలేదు" అన్నాను. ఉప్పల్ రింగు రోడ్డులో ఇరానీ చాయ్ సాసర్లో పోసుకుని జుర్రే మనిషికి స్వాతంత్ర్యం వచ్చినట్టయింది.

జపాన్‌లో నన్ను గెలుచుకున్నది ఒకే వంటకం చేసే కొట్లు. ఎనిమిది కుర్చీలు, ఒక్క మనిషి, ఒక్క పదార్థం. ముప్పై ఏళ్లుగా టెంపురా మాత్రమే వేయించేవాడు ఉంటాడు. అలాంటి పనివాణ్ని 'షొకునిన్' అంటారు, ఆ మాటలో గౌరవం ఉంది. అద్దాల్లో పెట్టిన మైనపు, ప్లాస్టిక్ నమూనాలు చూసి అమ్మ వేలితో చూపించి ఆర్డరిచ్చేది. ఇవాసాకి తాకిజో అనే గుజొ హచిమాన్ మనిషి 1932లో ఒసాకాలో వీటిని వ్యాపారంగా మొదలుపెట్టాడు. నమూనాలో ఎన్ని రొయ్యలుంటే గిన్నెలోనూ అన్నే. అమ్మ లెక్కపెట్టింది.

టిప్పు తీసుకోరు. బల్ల మీద వదిలిన చిల్లర మనం మర్చిపోయామనుకుని వెంట తెస్తారు.

నచ్చనివీ ఉన్నాయి. ఒక రామెన్ కొట్టులో కుర్చీ కుర్చీకి మధ్య చెక్క అడ్డాలు. పక్కన కూర్చున్న భర్త ముఖం కనబడక అమ్మ కంగారుపడింది. "గోడల మధ్య తినుడేంది, జైలు లెక్క" అంది. ఒంటరిగా తినేవాళ్లకు అది ఊరటేనని నాకు తెలుసు, అయినా అమ్మ మాటే నాకు సబబు అనిపించింది. ఉల్లిగడ్డ తీసేయమంటే, కారం తగ్గించమంటే చాలాచోట్ల కుదరదంటారు. నలుగురైదుగురు కుటుంబంగా వెళ్తే చిన్న కొట్లలో చోటుండదు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

శనివారం నీసు

అమ్మ సోమవారం, శనివారం నీసు ముట్టదు. జపాన్‌లో ఇది పరీక్షే. కూరగాయల సూపు అన్నా, అందులో 'దాషి' ఉంటుంది. కొంబు అనే సముద్రపు నాచుతో పాటు, ఎండబెట్టి పొగబెట్టిన చేపను చెక్కు తీసి మరిగించిన రసం అది. వాళ్ల వంటకు పునాదే అది. 1908లో కికునే ఇకెడా అనే టోక్యో ఆచార్యుడు ఈ కొంబు రసంలోంచే 'ఉమామి' రుచిని పట్టుకుని దానికి పేరు పెట్టాడు. ఇన్ని తెలుసుకున్నా శనివారం ఉదయానికి ఏం పెట్టాలో నాకు తోచలేదు.

వీధి చివరి కన్వీనియెన్స్ స్టోరు ఆదుకుంది. నాచులో చుట్టిన అన్నపు ముద్ద, 'ఒనిగిరి'. లోపల 'ఉమెబొషి', ఉప్పులో ఊరి ఎండిన పుల్లటి కాయ. అమ్మ ఒక కొరుకు కొరికి ఆగిపోయింది. కళ్లు పెద్దవి చేసి, "ఇది మా అమ్మ చేతి చింతకాయ తొక్కు రుచి" అంది. ఆ రోజు మూడు తింది. మధ్యాహ్నం క్యోటోలో నాన్‌జెన్‌జి గుడి దగ్గర 'యుదోఫు'. కొంబు వేసిన నీళ్లలో ఉడికించిన సోయా పనీర్. ముంచుకునే పులుసులో చేప ఉందేమోనని అడిగి, ఉప్పుతోనే తింది.

ఆ తర్వాత కోయాసాన్ కొండ మీద ఒక గుడి సత్రంలో రాత్రి ఉన్నాం. అక్కడ బౌద్ధ సన్యాసులు పెట్టే 'షోజిన్ రియోరి'లో మాంసం, చేప మాత్రమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. "మడి వంట" అంది అమ్మ వెంటనే. తెల్లవారుజామున అగ్నిలో సమిధలు వేసి మంత్రాలు చదివారు. ఆ క్రతువు పేరు 'గోమా'. మన 'హోమం' అనే మాటే చైనా మీదుగా నడిచి అలా మారింది. ఎర్రటి లక్క పీటల మీద చిన్నచిన్న గిన్నెలు. నేల మీద బాసింపట్టు వేసుకోలేని అమ్మ మోకాళ్లు చూసి, అడగకుండానే ఒక పొట్టి కుర్చీ తెచ్చారు.

పుల్లలతో తినడం నేర్పుతూ రెండు నియమాలు చెప్పాను. అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చకూడదు, అది చనిపోయినవారికి పెట్టే అన్నం. ఒకరి పుల్లల నుంచి ఇంకొకరు పుల్లలతో అందుకోకూడదు, దహనం తర్వాత అస్థికలను అలా అందుకుంటారు. నాన్న కాసేపు మాట్లాడలేదు. "మనం గూడ బొక్కలేరుతం గద" అన్నాడు మెల్లగా. ఆ పూట పుల్లలను ఎంతో జాగ్రత్తగా పక్కన అడ్డంగా పెట్టాడు.

గింజాలో మీల్స్

టోక్యోలో మన వంట కూడా ఉంది, దానికి పాత కథే ఉంది. ఆంగ్లేయుల నుంచి తప్పించుకుని జపాన్ చేరిన రాస్ బిహారీ బోస్, 1927లో షింజుకులోని నకమురాయా కొట్టులో భారతీయ కర్రీని మెనూలో చేర్పించాడు. అది ఇప్పటికీ దొరుకుతుంది. మనకు ఇంకా దగ్గరివి ఒకాచిమాచిలోని 'ఆంధ్రా కిచెన్', గింజాలోని 'ఆంధ్రా డైనింగ్'. చివరి రోజు నాన్న అన్నం కోసం గింజాకు వెళ్లాం.

లోపల ఎక్కువమంది జపానీయులే. దక్షిణాది భోజనానికి అక్కడ వీరాభిమానులున్నారు. దాన్ని వాళ్లు వాళ్ల భాషలో 'మీరుసు' అంటారు, మన 'మీల్స్' అనే మాటే. మా పక్క బల్ల దగ్గర నడివయసు ఉద్యోగి ఒకాయన చొక్కా చేతులు మడిచి, పప్పు, రసం, పెరుగు అన్నీ ఒకేసారి కలుపుతున్నాడు. నాన్న ఉండబట్టలేక లేచాడు. సైగలతో చెప్పాడు: ముందు పప్పు, తర్వాత పులుసు, ఆఖరున పెరుగు. ఆయన లేచి నిలబడి వంగి నమస్కరించి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

మనం వదిలేస్తున్నదాన్ని వాళ్లు నేర్చుకుంటున్నారని అప్పుడు అనిపించింది. మా ఉప్పల్ రోడ్డులో అరిటాకు పోయి ప్లేటు వచ్చింది, ప్లేటు పోయి డబ్బా వచ్చింది. "ఇంకాస్త అన్నం?" అంటూ బకెట్టుతో తిరిగే మనిషి తగ్గిపోతున్నాడు. యూరప్‌లో ఎంత మంచి హోటల్లోనూ, జపాన్‌లో ఎంత శ్రద్ధగల కొట్టులోనూ నాకు ఆ మాట వినిపించలేదు. ఆకలి ఎంతో అడిగి, తీరేదాకా పెట్టడం మన దగ్గర ఉన్న గొప్ప విద్య. దాన్ని ఖర్చు కింద లెక్కగట్టి కోసేయడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు.

> సూట్‌కేసులో ఏవి వద్దు?
>
> యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. నెయ్యి, పాలకోవా కూడా ఆ లెక్కలోకే వస్తాయి. 2019 డిసెంబరు 14 నుంచి తాజా ఆకులు, కూరగాయలు, చాలా రకాల పండ్లకు ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. కరివేపాకు కట్ట విమానాశ్రయంలోనే పోతుంది. జపాన్‌లో మాంసం పచ్చళ్లకు కూడా ఒప్పుకోరు. నూనె కారని కారప్పొడి, అటుకులు, ఎండు చింతపండు మేలు.

మన బండికి నల్లా ఏది?

తిరిగొచ్చాక ఉప్పల్‌ను కొత్త కళ్లతో చూశాను. మెట్రో స్టేషన్ నుంచి స్కైవాక్ దిగితే మిర్చి బజ్జీ బండి. ఇరవై ఏళ్లుగా ఒక్క పని చేస్తున్న మనిషి. పిండి జారు, మంట ఎత్తు ఆయనకు చేతి లెక్క. టోక్యోలో పుట్టి ఉంటే షొకునిన్ అని పేరుండేది. ఎనిమిది కుర్చీల కొట్టుకూ ఈ బండికీ తేడా చేతిలో లేదు. వాళ్ల వెనక కుళాయి ఉంది, ఈయన వెనక ఉన్నది ప్లాస్టిక్ డ్రమ్ము. పొద్దున నింపిన నీళ్లతోనే రాత్రి దాకా చేతులు, ప్లేట్లు.

వరంగల్ రోడ్డు మీదికి వెళితే ఇంకా కష్టం. 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ల తరబడి సాగడంతో, ఆ దుమ్ములోనే దోశలు పోసుకున్నారు చిన్న హోటళ్లవాళ్లు. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. సర్వే చేయాలని, అమ్ముకునే చోట్లు గుర్తించాలని, పట్టణ కమిటీలు ఉండాలని అందులో ఉంది. ఆ గుర్తించిన చోట ఒక నల్లా, ఒక కాలువ ఇస్తే సగం రోగాలు పోతాయి.

2024 అక్టోబరులో నగరంలో మోమోలు తిని పలువురు ఆస్పత్రి పాలై, ఒకరు చనిపోయారు. నెలాఖరున పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది. ఆ పరిస్థితిలో అది సరైన పనే. అదే సమయంలో జపాన్‌లో చాలామంది పొద్దున్నే వేడి అన్నం మీద పచ్చి గుడ్డు కొట్టుకుని తింటున్నారు. అక్కడ గుడ్డును కడుగుతారు, తనిఖీ చేస్తారు, ఏ తేదీ దాకా పచ్చిగా తినవచ్చో డబ్బా మీద రాస్తారు. కోడి నుంచి గిన్నె దాకా ప్రతి చేయీ బాధ్యత తీసుకుంటుంది. మన దగ్గర ఆ బరువంతా చివరి మనిషి, బండి మీద నిలబడ్డ మనిషి నెత్తిన పడుతుంది. దాడులు, జరిమానాలు కూడా ముందు అతని దగ్గరికే వస్తాయి.

వడ్డించే చేతుల సంగతీ చెప్పాలి. నాచారం మెస్‌లో మాకు నీళ్లు పెట్టిన కుర్రాడిది ఒడిశా. అడిగితే చెప్పాడు, పొద్దున ఏడింటి నుంచి రాత్రి పదకొండు దాకా పని, పడక మెస్ మేడ మీదే. ఫ్రాన్స్‌లో సర్వీసు ధరలోనే ఉంటుంది. బ్రిటన్‌లో 2024 అక్టోబరు నుంచి, టిప్పులు, సర్వీస్ చార్జి మొత్తం పనివాళ్లకే ఇవ్వాలని చట్టం. మన దగ్గర సర్వీస్ చార్జిని తప్పనిసరి చేయకూడదని వినియోగదారుల ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. తినేవాడికి మేలే. ఆ తీర్పు ఒడిశా కుర్రాడి జీతంలోకి ఎలా చేరుతుందో ఎవరూ మాట్లాడలేదు. ధరలోనే న్యాయమైన కూలి కలిపి అడగండి, సంతోషంగా ఇస్తాను.

రెండు రంజన్లు

ఈ మార్చిలో నాన్న ఉప్పల్ సంతకు వెళ్లి రెండు రంజన్లు కొనుక్కొచ్చాడు. గేటు ముందు వేపచెట్టు కింద ఇసుక పోసి నిలబెట్టాడు, తడిగుడ్డ చుట్టాడు, పిడి ఉన్న గ్లాసు గొలుసుతో కట్టాడు. పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నింపుతాడు. గొలుసు ఎందుకు నాన్నా, ఎవరూ ఎత్తుకుపోరు అంటే, రెండో రోజు విప్పేశాడు.

మధ్యాహ్నం పూట ఫుడ్ డెలివరీ పిల్లలు ఆగుతారు. వీపున అందరి భోజనాలూ మోస్తూ, హెల్మెట్ తీసి, ఒక్క గుక్కలో గ్లాసు ఖాళీ చేస్తారు. నాన్న కుర్చీలోంచే చూస్తూ, రెండో గ్లాసు వంచుకునేదాకా ఆగి, అడుగుతాడు.

"తిన్నవా బిడ్డా?"